ఎండలో దానంతటదే నొక్కుకునే కారు స్క్రీన్: వారంటీలో మార్పించుకోవచ్చు

అన్నా, కడపలో కారు కొని పద్నాలుగు నెలలే అయిందని, మధ్యాహ్నమైతే స్క్రీన్ ఎవరూ ముట్టకుండానే నొక్కుకుంటోందని, షోరూం వాళ్లు "మాకు బాగానే పనిచేస్తోంది" అని రెండుసార్లు తిప్పి పంపారని రాశావు. నిరుడు మే నెలలో నాదీ ఇదే అవస్థ.

చిక్కంతా టైములో ఉంది. పొద్దున్నే బండి ఇస్తే స్క్రీన్ చల్లగా ఉంటుంది, తప్పు బయటపడదు. నేను కారును ఎండలో గంటసేపు నిలబెట్టి, మధ్యాహ్నం రెండింటికి నేరుగా తీసుకెళ్లా. షోరూంలో బండి తీసుకునే సర్వీస్ అడ్వైజర్ కళ్ల ముందే రేడియో స్టేషన్లు వాటంతటవే మారిపోయాయి. ఎడమ అంచున జిగురు ఊడి బుడగలా తేలింది కూడా. కిలోమీటర్లు కనపడేలా వీడియో తీసి పెట్టుకో.

జాబ్ కార్డులో, అంటే బండి ఇచ్చేటప్పుడు షోరూం వాళ్లు మన ఫిర్యాదు రాసే కాగితంలో, ఊరికే "స్క్రీన్ చెక్" అని రాస్తే ఒప్పుకోవద్దు. "వేడెక్కితే దానంతటదే నొక్కుకుంటోంది" అని రాయించి కాపీ తీసుకో. వారంటీ ఉండగానే చెప్పావనడానికి అదే సాక్ష్యం. ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంటారు, చేయనీ. తగ్గకపోతే మళ్లీ కొత్త జాబ్ కార్డు రాయించు. స్క్రీన్ కంపెనీ నుంచి వచ్చిందా, షోరూంలో బిగించారా అన్నదీ చూసుకో. విడిగా బిగించిందైతే దాని వారంటీ వేరేగా ఉండొచ్చు.

అప్పటికీ కదలకపోతే జాబ్ కార్డులు, వీడియో జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టు. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆఖరికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కారు ధర 5 నుంచి 10 లక్షల మధ్య అయితే ఫీజు 200 రూపాయలే.

నాకు మెయిల్ పెట్టిన పన్నెండో రోజు కొత్త స్క్రీన్ వేశారు, పైసా తీసుకోలేదు. టెన్షన్ పడకుండా రేపు మధ్యాహ్నమే వెళ్లన్నా.