గుడ్ల కోళ్ల దాణాలో సోయా చెక్కకు బదులు పత్తి చెక్క, ఆవ చెక్క వేయవచ్చా?

సోయా చెక్క ధర పెరిగినందున, హొసకోట దగ్గర మీరు పెంచుతున్న గిరిరాజ పెట్టల దాణాలో దానికి బదులు పత్తి చెక్క, ఆవ చెక్క వేయవచ్చా అని అడిగారు. బెంగళూరు శివార్లలో, దొడ్డబళ్లాపురం వైపు ఫారాలకు దాణా కలిపించే పనిలో ఉన్నవాడిగా నా సలహా ఇది: గుడ్లు పెట్టే కోళ్లకు పత్తి చెక్క వద్దు, ఆవ చెక్కను ముందు కొద్ది కోళ్ల మీద చూసి గానీ వాడవద్దు.

పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. నూనె తీసేటప్పుడు తగిలే వేడికి అది మాంసకృత్తులలో కోడికి తప్పనిసరైన లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది కనుక, పరీక్షలో మాంసకృత్తుల శాతం బాగానే కనిపించినా కోడికి అందే లైసిన్ తగ్గిపోతుంది. చెక్కలో మిగిలిన గాసిపాల్ గుడ్డులోకి చేరి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి దానిని ఆలివ్ రంగుకు మారుస్తుంది. నాకు తెలిసిన ఒక ఫారం నుంచి అపార్ట్‌మెంట్లకు వెళ్లిన గుడ్లు ఇలాగే తిరిగి వచ్చాయి. ఫారంలో అప్పుడే పెట్టిన గుడ్లను పగలగొట్టి చూస్తే ఏ తేడా లేకపోవడంతో యజమాని చాలాకాలం రోగం కోసమే వెతికారు. నిల్వ ఉంచిన గుడ్లలోనే ఆ రంగు బయటపడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు, తెలియాలి. గాసిపాల్‌ను కట్టేయడానికి ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం కలిపితే చాలంటారు. కానీ గుడ్ల కోళ్లకు స్వేచ్ఛా గాసిపాల్ (దేనికీ అంటుకోకుండా మిగిలినది) ఒక వంతుకు ఇనుము నాలుగు వంతులు కావాలని లెక్క. సాధారణంగా దొరికే ఆ లవణంలో ఇనుము సుమారు ఐదో వంతే కనుక లవణం గాసిపాల్‌కు సుమారు ఇరవై రెట్లు వేయాలి. పైగా గానుగ చెక్కలో మిగిలే నూనెలోని కొన్ని కొవ్వు ఆమ్లాల వల్ల తెల్లసొన గులాబీ రంగుకు తిరగడాన్ని ఇనుము ఆపదు.

ఆవ చెక్కలోని గ్లూకోసినోలేట్లు థైరాయిడ్ గ్రంథిని ఉబ్బేలా చేసి ఎదుగుదలను తగ్గిస్తాయి. మీ విషయంలో ఆవ చెక్కలోనే ఉండే సినపిన్ అనే పదార్థం ఇంకా ముఖ్యం: గోధుమ రంగు గుడ్లు పెట్టే కొన్ని జాతుల కోళ్లు, దాని నుంచి పుట్టే ట్రైమిథైల్ అమీన్‌ను విరగ్గొట్టలేవు కనుక గుడ్డుకు చేపల వాసన వస్తుంది. గిరిరాజ పెట్టేదీ గోధుమ రంగు గుడ్డే.

సోయా చెక్కనూ పరీక్షించకుండా కొనవద్దు. వేడి చాలకపోతే ట్రిప్సిన్ నిరోధకాలు మిగిలి, మాంసకృత్తులు జీర్ణం కాకపోగా క్లోమం పెద్దదవుతుంది. వేడి మించితే లైసిన్ పాడవుతుంది. వేడి సరిపోయిందో లేదో చూపే యూరియేజ్ పరీక్షలో పీహెచ్ పెరుగుదల 0.05 నుంచి 0.20 మధ్య ఉన్న సరుకు తీసుకోండి.

ఖర్చు తగ్గించాలంటే నేను ముందు ఫైటేజ్ ఎంజైమ్ వైపు చూస్తాను. గింజలలోని భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో ఉండి కోడికి సరిగా అందదు. ఫైటేజ్ దానిని విడిపిస్తుంది కాబట్టి, తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారం భాస్వరం, కాల్షియం కోసం దాణాలో వేసే డైకాల్షియం ఫాస్ఫేట్‌ను తగ్గించుకోవచ్చు. అలా తగ్గిన కాల్షియం మేరకు సున్నపురాయి పొడి మాత్రం పెంచండి, లేకుంటే గుడ్డు పెంకు పలచబడుతుంది.