ఆ రోజుల్లో బ్లాగర్ని నేనే

గవర్నర్‌పేట,
విజయవాడ

అమ్మడూ,

బ్యూటీ బ్లాగర్లు వీడియోల్లో మెచ్చుకున్న మేకప్ సామానుకి నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూశాను. మొత్తం 23. కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద ధరలు కూడితే 18,640 రూపాయలు తేలింది. అందులో లిప్‌స్టిక్‌లే ఆరు. కింద నువ్వు రాసిన మాట: "పెద్దమ్మా, ఇవన్నీ మంచి రివ్యూలు ఉన్నవే, ఒకసారి చూసి ఓకే చెప్పు." వైశాఖంలో పెళ్ళి, ఇంకా మూడు నెలలు కూడా లేదు, నీ టెన్షన్ నాకు తెలుసు. కానీ ఓకే అని కొట్టడానికి చెయ్యి రాలేదు. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మీ పెదనాన్నా నేనూ బీసెంట్ రోడ్డులో ఫ్యాన్సీ షాపు నడిపిన ఇరవై రెండేళ్ళూ అక్కడ బ్లాగర్ని నేనే. అప్పటికి ఆ మాట లేదంతే. కాలేజీ పిల్లలు వచ్చి "ఆంటీ, ఏది బాగుంటుంది?" అనేవాళ్ళు. నేను కౌంటర్ మీద మూడు డబ్బాలు పెట్టి, ఒకదాన్ని కాస్త ముందుకు జరిపేదాన్ని. "మా అమ్మాయి కూడా ఇదే వాడుతుంది" అనేదాన్ని. నాకు అమ్మాయే లేదు, నీకు తెలుసుగా. మరి ఆ డబ్బానే ఎందుకు ముందుకు జరిపానంటే, ఆ నెల మాకు సరుకు వేసే స్టాకిస్టు దాని మీద డజనుకు రెండు ఫ్రీ స్కీము ఇచ్చాడు కనక. మా వంటింట్లో గోడ గడియారం చూశావే, అది అలా వచ్చిందే. ఒక దీపావళికి వంద కాంపాక్టులు అమ్మినందుకు.

సరుకు చెడ్డదని చెప్పడం లేదు. చెడ్డది అంటగడితే ఆ పిల్ల మర్నాడు వచ్చి డబ్బా కౌంటర్ మీద పెట్టి నలుగురిలో అడిగేది. ఆ భయం నన్ను కొంత అదుపులో ఉంచేది. వీడియోలో మాట్లాడే అమ్మాయికి ఆ బెడద తక్కువ. నచ్చనివాళ్ళు కింద కామెంటు పెడతారు, అది వెయ్యి కామెంట్ల కింద ఎక్కడో పడి ఉంటుంది.

ఇప్పుడు దీనికి రూల్సు వచ్చాయి. 2021 జూన్ నుంచి అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమం ఉంది, అది ప్రకటనలవాళ్ళు తమకు తామే పెట్టుకున్న సంస్థ. డబ్బు ముట్టినా, సరుకు ఊరికే వచ్చినా ఆ విషయం వీడియోలో కనబడేలా చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా అదే మాట ఇంకా వివరంగా చెప్పింది. యాడ్ అనో, స్పాన్సర్డ్ అనో, పెయిడ్ ప్రమోషన్ అనో స్పష్టంగా ఉండాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. మా రోజుల్లో ఈ రూల్సు ఉంటే గడియారం సంగతి నేను షాపు బోర్డు మీద రాయించాల్సి వచ్చేదేమో.

నీ స్క్రీన్‌షాట్లలో అయిదింటి మీద ఆ అక్షరాలు సన్నగా ఉన్నాయి. నువ్వు చూసుకోలేదు. ఇంకో నాలుగింటిలో "నా కోడ్ వాడితే 15 శాతం తగ్గింపు" అని ఉంది. నీకు తగ్గేది తగ్గుతుందిలే, కాదనను. కానీ ఆ కోడ్ వల్ల ఎవరి మాట మీద ఎంత సరుకు పోయిందో కంపెనీకి లెక్క తెలుస్తుంది. చాలాసార్లు ఆ లెక్క మీద కమీషన్ ఉంటుంది. మా స్టాకిస్టు పుస్తకం లాంటిదే. ఇంకోటి చూడు. 23లో తొమ్మిది ఒకే బొంబాయి అమ్మాయి చెప్పినవి. ఆ తొమ్మిదిలో ఒక్కదాని గురించైనా "ఇది నాకు పడలేదు" అందా? నేను మూడు వీడియోలు చూశాను. మూడింటిలోనూ "అబ్బా, ప్రేమలో పడిపోయాను" అంది. ఇంతమందితో ప్రేమలో పడితే ఎలా తల్లీ!

అలాగని రివ్యూలు చూడొద్దనడం లేదు. కొన్ని సంగతుల్లో వాళ్ళు నాకంటే నయం. మేం చేతి మీద ఓ గీత గీసి చూపించేవాళ్ళం. సాయంత్రానికి ఆ గీత ఏమైందో మాకెవరికీ తెలిసేది కాదు. మొన్న ఒక పిల్ల వీడియో చూశాను, మన తెలుగమ్మాయే. పొద్దున ఐలైనర్ పెట్టుకుని ఆఫీసుకు పోయి, ఆరు గంటల తర్వాత మేడ మీద ఎండలో నిలబడి కన్ను దగ్గరికి ఫోన్ పెట్టింది. ఫిల్టర్ లేదు. చివర కాస్త చెదిరింది, ఆ ముక్కే చెప్పింది. అది రివ్యూ అంటే. ఇంకా, కంపెనీవాళ్ళు కొత్త సరుకు మార్కెట్లోకి వదిలిన వారంలో అందరూ ఒకేసారి పొగుడుతారు. పార్సిళ్ళు అందరికీ ఒకేసారి వెళ్తాయి కనక. ఆ వారం వదిలెయ్. మూడు నెలలు ఆగి, వాడేసిన ఖాళీ డబ్బాలు చూపించి "మళ్ళీ కొంటాను, కొనను" అని చెప్పే వీడియోలు ఉంటాయి, అవి వెతుక్కో. పూర్తిగా వాడిన మనిషి మాటకీ ఒకసారి రాసుకున్న మనిషి మాటకీ చాలా దూరం ఉంటుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

షాపు పెట్టిన ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో, ఒకతను బ్యాగులో తెల్ల డబ్బాలు తెచ్చాడు. నైట్ క్రీము. వారంలో తెలుపు అన్నాడు. డబ్బా మీద లైసెన్సు నంబరు లేదు, ఏమేం కలిపారో లేదు. నేనూ అడగలేదు. పప్పు బెల్లాల్లా పోయింది. కృష్ణలంక నుంచి వచ్చే ఒక నర్సింగు చదివే పిల్ల కొంది. రెండు వారాలకి ముఖం తళతళలాడుతూ వచ్చింది, స్వీటు కూడా తెచ్చింది. ఇంకో మూడు నెలలకి ఒక సాయంత్రం వచ్చింది, చున్నీ కళ్ళ దాకా కప్పుకుని. తీసి చూపించింది. బుగ్గలు ఎర్రగా కందిపోయి, సన్నటి పొక్కులు. క్రీము మానేస్తే మంట, ఎండలోకి వెళితే మంట. స్టెరాయిడ్ కలిసిన క్రీము అని స్కిన్ డాక్టరు చెప్పాడట. ఖాళీ డబ్బా కౌంటర్ మీద పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆలోచించు. మొదటి రెండు వారాల్లో ఆ పిల్ల చేత వీడియో చేయిస్తే అయిదు నక్షత్రాలూ ఇచ్చేది, అదీ మనస్ఫూర్తిగా. అబద్ధం ఒక్కటీ లేని రివ్యూ అయ్యేది.

నీ లిస్టులో పదకొండోది అలాంటిదే అని నా అనుమానం. "పది రోజుల్లో గ్లో" క్రీము. డబ్బా మీద ఏదో పరాయి భాష తప్ప ఇంకేం లేదు. బయటి దేశం సరుకైతే మన దేశంలో దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇక్కడ తయారైతే లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉండాలి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ చెప్పేది అదే. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ పేర్లు కనబడితే అది మందు, డాక్టరు రాస్తే తప్ప ముట్టుకోకు. ఆ పదకొండోది నా మాట విని కొట్టెయ్. మిగతావాటి మీద నాతో వాదించు, దీని మీద మాత్రం వద్దు.

ఇక రంగుల సంగతి. శుక్రవారం నీ స్క్రీన్‌షాట్లు పట్టుకుని బెంజి సర్కిల్ వైపు ఒక మాల్‌కి వెళ్ళాను. నీ ఆరు లిప్‌స్టిక్‌లలో నాలుగు అక్కడ టెస్టర్లున్నాయి. నాలుగూ ముంజేతి లోపలి వైపు వరసగా గీయించుకున్నాను. అక్కడి సేల్స్ పిల్ల "ఎవరికి ఆంటీ?" అంది, "నాకే" అన్నాను, పాపం నవ్వాపుకుంది. లోపల దీపాల కింద నాలుగూ నాలుగు రంగులే. బయట బందరు రోడ్డు మీద ఎండలో చెయ్యి చాచి చూస్తే రెండోదీ మూడోదీ ఒకటే. ఎంత చూసినా ఏది ఏదో చెప్పలేకపోయాను. ఒకటి 349, ఇంకోటి 1,150. ఫోటో తీసి పంపిస్తున్నాను, నువ్వే చెప్పు.

ముఖమంతా రాసుకునే ఫౌండేషన్‌కి ఈ గొడవ ఇంకా ఎక్కువ. వీడియోకి పెట్టుకునే గుండ్రటి రింగు లైటు ముఖం మీద పడితే ఎవరైనా ఒక షేడు తెల్లగా కనబడతారు. నువ్వు మీ అమ్మలాగే చామనఛాయ, కాస్త పసుపు వైపు. ఆ బొంబాయి అమ్మాయి గులాబీ తెలుపు. ఆమెకి "నా చర్మంలో కలిసిపోయింది" అన్న షేడు నీకు బూడిద రాసినట్టుంటుంది. దవడ కింద రాసుకుని, అరగంట ఆగి, పగటి వెలుతురులో చూడాలి. కొన్ని గాలి తగిలాక ముదురుతాయి, అందుకే ఆ అరగంట. దాంతోపాటు చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు చూడు, దురద వస్తే అక్కడితో ఆగిపోవచ్చు. ఇంకో మాట, పెళ్ళిపనులు మొదలయ్యాక నలుగు పెట్టిన రోజుల్లో షేడ్ చూసుకోకు. పసుపు రెండు మూడు రోజులు ముఖాన్ని వదలదు. ఆ రంగుకి కొన్నది ఆ తర్వాత పనికిరాదు. ఈ ముక్క ఏ బ్లాగరూ చెప్పలేదే!

"పన్నెండు గంటలు చెక్కు చెదరదు" అన్న రివ్యూ ఉంది చూడు, అది ఏసీ గదిలో చెప్పిన మాట. వైశాఖంలో గుంటూరు, పగలు 40 దాటే ఎండ, కల్యాణ మండపంలో హోమం పొగ, నుదుటి మీద భాసికం దారం ఒరుసుకోవడం, తలంబ్రాలు. వీటి ముందు ఏ ఫౌండేషన్ అయినా చెదురుతుంది. చెదిరినప్పుడు ఎలా చెదురుతుందో చూపించే వీడియో కావాలి నీకు. మచ్చలు మచ్చలుగా విడిపోతుందా, మెల్లగా పలచబడుతుందా అన్నది. ఇంకొకటి, లిస్టులో ఉన్న, మేకప్ నిలవడానికి పైన అద్దే ఆ తెల్లటి సెట్టింగ్ పౌడరు ఫోన్లో బాగానే ఉంటుంది. సిలికా ఎక్కువున్న పౌడర్లు కెమెరా ఫ్లాష్ పడితే ముఖాన్ని తెల్లగా కొట్టేలా చూపిస్తాయి. ముందు చీకటి గదిలో ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకుని చూడు.

అసలు అడగాల్సిన మాట ఆలస్యంగా అడుగుతున్నాను. పెళ్ళి రోజు నీకు మేకప్ వేసేది అరండల్‌పేట బ్యూటీషియన్ అని మీ అమ్మ చెప్పింది. అడ్వాన్సు కూడా ఇచ్చారట. ఆమె కిట్ ఆమె తెచ్చుకుంటుంది కదే! మరి నీకు ప్రైమరు, కన్సీలరు, రెండు ఫౌండేషన్లు, బ్రష్‌ల సెట్టు ఎందుకు? నిజం చెప్పు, వీడియో చూసేటప్పుడు పెళ్ళి గుర్తొచ్చిందా, ఆ వీడియోలో డబ్బాలు వరసగా పేర్చిన అద్దం బల్ల గుర్తొచ్చిందా? తప్పేం కాదు. నేనూ షాపు అద్దాల బీరువా అలాగే సర్దేదాన్ని, బయట నడిచేవాళ్ళు ఆగాలని. అది చూసి ఆగినవాళ్ళలో సగం మంది అవసరం లేనివే కొన్నారు.

నీకు కావాల్సింది నా లెక్కన ఆరు. తలంబ్రాల చీరకి నప్పే ఎరుపు లిప్‌స్టిక్ ఒకటి, రోజూ వేసుకోడానికి ఒకటి, మధ్యలో సర్దుకోడానికి కాంపాక్టు, కాటుక, మస్కారా, సన్‌స్క్రీను. మస్కారా చిన్నదే తీసుకో, తెరిచాక మూడు నుంచి ఆరు నెలల్లో పారెయ్యాలి, కంటి దగ్గర పాతది వాడకూడదు. డబ్బాల మీద మూత తీసిన సీసా బొమ్మలో 12ఎం అనో 6ఎం అనో ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే అని. ఇరవై మూడూ తెరిస్తే నీ మొదటి పెళ్ళిరోజుకి సగం చెత్తబుట్టలో ఉంటాయి. మిగతావి కార్టులో అలాగే పడెయ్, కొనకు. పది రోజుల తర్వాత లిస్టు చూడకుండా ఏవేం ఉన్నాయో గుర్తు తెచ్చుకో. గుర్తొచ్చినవి ఏవో నాకు మెసేజ్ పెట్టు. అందులో ఒకటి నేను కొనిపెడతాను, పెళ్ళికూతురివి కదా.

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు పార్సిల్ విప్పుతూ వీడియో తియ్యడం మర్చిపోకు. సీలు లేని డబ్బా వస్తే అదే సాక్ష్యం. అమ్మినవాళ్ళు మాట వినకపోతే 1915కి ఫోన్ చెయ్యి, వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఆదివారం ఇక్కడికి రా. గుంటూరులో తొమ్మిదింటి బస్సు ఎక్కితే పదింటికల్లా బస్టాండులో దిగుతావు, నేను అక్కడే ఉంటాను. జాకెట్టు గుడ్డ ముక్క తీసుకురా, లిప్‌స్టిక్ దాని పక్కన పెట్టి చూడాలి. ముఖానికి ఏమీ రాసుకోకుండా రా, పౌడరు కూడా వద్దు. బస్సులో ఎవరూ చూడరులే.

ఇట్లు,
పెద్దమ్మ