అక్షింతల మూట

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కట్నం లేదు, ముహూర్తం లేదు, పురోహితుడు లేడు, రిజిస్టర్ పెళ్లి అని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక ఆ మాట మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పాను. కానీ చివర్లో వాడు గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. తాళిబొట్టు తెచ్చేటట్టయితే అసలు రావద్దని మీ అమ్మతో అన్నావట. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ముందు కాగితాల సంగతి. ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మీ ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో అప్పటికే 30 రోజులుగా ఉంటూ ఉండాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను 1969లో బెజవాడలో చదువుకుంటూ పటమటలో గోరా గారి మాటలు వినేవాణ్ణి. నాస్తికత్వం గురించి రాసినందుకు కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. కులం మీద, దేవుడి మీద ఆయన మాటలు మా ఇంట్లో ఎవరూ ఊహించనైనా ఊహించనివి. 'కట్నం కాస్త తగ్గించి పుచ్చుకోండి' అని నీతులు చెప్పేవాళ్లు అప్పుడూ చాలామంది ఉన్నారు. వాళ్ల మాటలు ఒక్కటీ గుర్తు లేదు. అసలు పుచ్చుకోవద్దు, కులం పేరే వద్దు, అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినండి అన్నవాడి మాటే నాలో నిలిచింది. అందుకే నిన్ను మెత్తబడమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నా పెళ్లి 1974లో. ఒక హాల్లో దండల పెళ్లి. మా అమ్మ, అంటే మీ నానమ్మ, ఊరి నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. నాన్న రానన్నాడు. మెట్ల దగ్గర కొంగు ముడి విప్పింది. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం. నా తల మీదకి చెయ్యి ఎత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాను. స్నేహితులందరి ముందు, గట్టిగా, 'ఇవి ఇక్కడ కుదరవు, ఇలాగైతే రావద్దు' అన్నాను. నా వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నా ఒళ్లు పొంగింది, అది కూడా దాచకుండా చెప్తున్నా. ఆవిడ 'సరే నాయనా' అని బియ్యం మళ్లీ కొంగులో కట్టుకుని లోపలికొచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది.

మా ఊరి మాలపల్లె నుంచి నాకొక స్నేహితుడు ఉండేవాడు. నేను వాణ్ణి మొదటిసారి ఇంటికి తీసుకొచ్చినప్పుడు, నాన్న వీధిలోకి వెళ్లిపోతే, వంటింట్లో నా పక్కనే పీట వేసి వడ్డించింది మా అమ్మ. ఎవరి ఉపన్యాసమూ విని కాదు. నా పెళ్లికి వాడు సాక్షి. 1991లో అమ్మ పోయిన రోజు గట్టు మీద కూర్చుని వాడు చెప్పాడు. ఆ రోజు హాలు బయట ఆవిడ వాణ్ణి పిలిచి, 'నువ్వన్నా వేయించుకో నాయనా' అని ఆ అక్షింతలు వాడి తల మీద వేసిందట. నాకు బాధ కలుగుతుందని పదిహేడేళ్లు చెప్పలేదు.

ఆ చప్పట్లు కొట్టినవాడెవరో తర్వాత తెలిసింది. వాడే కొడుక్కి కట్నం తీసుకున్నాడు.

గోరా గారి పెద్దమ్మాయికీ దళిత యువకుడికీ సేవాగ్రామంలో పెళ్లి జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. జీవితమంతా రామనామం చెప్పిన మనిషి, పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెడతానన్నాడు. 1948 జనవరిలో ఆయన్ని చంపేశారు, పెళ్లి ఆ మార్చిలో అక్కడే జరిగింది. ఈ సంగతి నేను నా పెళ్లికి ముందే ఎన్నో సభల్లో చెప్పాను. ఎదుటివాళ్ల కోసం ఆయన తన దేవుణ్ణే పక్కన పెట్టాడు. నేను అమ్మ గుప్పెడు బియ్యం ఓర్చుకోలేకపోయాను.

పిచ్చి పిల్లా, ఎవరికి షరతు పెడుతున్నావ్? ఆ అబ్బాయిది వేరే కులమని మీ మేనమామలు గొడవ చేస్తే గుమ్మంలో నిలబడి ఎదురు చెప్పింది మీ అమ్మే కదా. తాళి కట్టించుకోనని చెప్పు, పదిసార్లైనా చెప్పు. రావద్దని మాత్రం అనకు. ఆవిడ బ్యాగులో ఏం తెచ్చుకుంటుందో ఆవిడిష్టం.

సాక్షుల్లో నా పేరు రాయి. ముందు రోజు బస్సుకే వస్తాను. మీ అమ్మకి ఇవాళే ఫోన్ చెయ్యి. తొమ్మిది లోపు చెయ్యి, ఆ తర్వాత మాత్ర వేసుకుని పడుకుంటుంది.

మీ పెదనాన్న