గణాంకాలు అబద్ధాలైతే బ్రోచర్‌లోని 95 శాతం మాటేమిటి?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు. ప్లస్ టూ సైన్స్ పూర్తిచేసిన వారి అమ్మాయి స్టాటిస్టిక్స్ చదువుతానంటోంది. అంకెలను ఎవరికి కావలసినట్టు వారు తిప్పుకుంటారు గనుక ఆ చదువుకు విలువ ఉండదని ఆయన నమ్మకం. 95 శాతం ప్లేస్‌మెంట్లు, ఏడాదికి సగటున 6 లక్షల జీతం అని బ్రోచర్‌లో వేసిన ఇంజనీరింగ్ కళాశాలలో చేర్పించాలని ఆయన కోరిక.

అయ్యా, గణాంకాలను నమ్మనని రాసిన ఉత్తరంలోనే మీరు రెండు గణాంకాలను నమ్మారు. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. 1979లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరణశిక్షపై పరస్పర విరుద్ధమైన రెండు అధ్యయనాలను విద్యార్థులకు చూపినప్పుడు, వారు తమ పూర్వాభిప్రాయానికి సరిపోయినదానిని మెచ్చుకొని, రెండవదానిలో మాత్రం తప్పులు వెతికారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం మన ఊళ్ళకే పరిమితం కాదన్నమాట.

ఇక అంకెను చెప్పే తీరు. 2011 జనగణనలో మీ పొరుగున ఉన్న రాయగడ జిల్లా అక్షరాస్యత సుమారు 50 శాతం. సగం మంది చదవగలరన్నా, సగం మంది చదవలేరన్నా అంకె ఒకటే అయినా, వినేవారికి మొదటిది ప్రగతిగానూ రెండవది వైఫల్యంగానూ తోస్తుంది. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందన్న హెచ్చరికకు భయపడి ఎందరో స్త్రీలు మాత్రలు మానేశారు. నిజానికి ఆ ప్రమాదం 7,000 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరిగింది, అంతే.

మీ బ్రోచర్‌నూ ఇలాగే చూడండి. పదిమందిలో తొమ్మిది మందికి 3 లక్షలు, ఒక్కరికి 33 లక్షలు వచ్చినా సగటు 6 లక్షలే అవుతుంది. 95 శాతం అన్నది చదివిన వారందరిలోనా, ప్లేస్‌మెంట్‌కు పేరు నమోదు చేసుకున్నవారిలోనా? జీతాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేరిస్తే నడిమి విద్యార్థి జీతమెంత? కళాశాలకు వెళ్ళినప్పుడు ఈ రెండూ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఈ ప్రశ్నలు వేయడం నేర్పే చదువే మీ అమ్మాయి కోరుతున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు కలకత్తా వెళ్ళి ఆ దారినే ఎదిగారు. 1931లో అక్కడ స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో స్టాటిస్టిక్స్ డిగ్రీ అయిన బి.స్టాట్‌కు ప్రవేశ పరీక్ష ఉంటుంది. స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేసినవారు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. అయితే అక్కడ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అందుచేత ఆమె చేరదలచిన డిగ్రీ కళాశాలలోనూ అవే రెండు ప్రశ్నలు అడగండి, అమ్మాయినీ వెంట తీసుకువెళ్ళండి.