చేసే పని వృథా అనిపిస్తే మానేయాలా?

తొందరపడకండి. రెండు వారాలు రోజూ రాసుకోండి: ఏ పనికి ఎంతసేపు పట్టింది, చివరికి అది ఎవరికి చేరింది. రెండో గడే అసలైనది, చాలామందికి అదే ఖాళీగా ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర రాసే చీటీలు) రాసే గుమస్తాకు అంకెలే కనిపిస్తాయి. తూకంలో ఒక్క అంకె తప్పితే నష్టపోయేది మిర్చి రైతు. గుమస్తా ఆ రైతుతో ఓసారి మాట కలిపి చూడాలి. ఆసుపత్రి సఫాయి సిబ్బందిలో రోగికి సాయపడటం కూడా తమ పనేననుకున్నవారికి అది అర్థవంతంగా తోచిందని పరిశోధకులు వ్రెజ్నెవ్‌స్కీ, డటన్ 2001లో రాశారు.

జీతం ఆపడం, తిట్లు ఉన్నచోట ఇవేవీ పనిచేయవు. వేరే ఉద్యోగం దొరికాకే మానండి. ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడొచ్చు, దాన్ని కొత్త ఉద్యోగపు ఖాతాకు బదిలీ చేయించుకోండి. నిద్ర, ఆకలి కూడా పోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.