ఆ పాట ఎక్కడానికి నాకు ఒక చలికాలం పట్టింది

"రేడియో అండ లేకుండా నవ్వించే ఇండీ బ్యాండ్‌లు, అంటే పెద్ద కంపెనీల వెనుక లేనివి, బతకగలవా?" అని అడిగారు. బతకలేవు. లెక్కలు అడగొద్దు, నా దగ్గర లేవు. నాకు తెలిసింది ఒక్కటే బ్యాండ్, హాఫ్ మ్యాన్ హాఫ్ బిస్కెట్. పేరుకే నవ్వేయకండి, పాటలు ఇంకా ఉన్నాయి.

వాళ్లది బర్కెన్‌హెడ్. లివర్‌పూల్‌కి అవతలి ఒడ్డు, మెర్సీ నది కింద నుంచి రైలు వెళ్తుంది. అక్కడ ఒక గోడౌన్‌లో రెండేళ్లు నైట్ డ్యూటీ చేశాను. హీటర్ ఉండేది, వేడి ఉండేది కాదు. నా పక్కన ప్యాకింగ్ చేసే పెద్దాయన ఫోన్‌ని ఖాళీ స్టీలు మగ్గులో నిలబెట్టి పాటలు పెట్టేవాడు. మగ్గే ఆయన స్పీకర్. డుక్లా ప్రాగ్ అనే చెక్ ఫుట్‌బాల్ టీమ్ జెర్సీ మీద హాఫ్ మ్యాన్ హాఫ్ బిస్కెట్ పాట ఒకటి వస్తే చాలు, టేపు అంటించడం ఆపేసి మరీ నవ్వేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఒకరోజు టీ టైంలో విడమరిచి చెప్పాడు. పాటలో ఉన్నది బల్ల మీద ఆడే బొమ్మల ఫుట్‌బాల్. సెట్ ఎవడిదో రిఫరీ కూడా వాడే. హాఫ్ టైం అయ్యేసరికి మనం నాలుగు సున్నాతో ఓడిపోతుంటాం, నాలుగూ పెనాల్టీలే! అప్పుడు గుర్తొచ్చాడు మా వీధిలో బ్యాటున్న కుర్రాడు. క్లీన్ బౌల్డ్ అయినా "ట్రయల్ బాల్" అనేవాడు, కాదంటే బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి. నేను నవ్విన నవ్వుకి సూపర్‌వైజర్ వచ్చాడు.

ఇలాంటి పాట పగటి రేడియోలో ఎవడు వేస్తాడు? 1985లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'బ్యాక్ ఇన్ ది డిహెచ్ఎస్ఎస్'. బీటిల్స్ పాట 'బ్యాక్ ఇన్ ది యుఎస్ఎస్ఆర్' పేరులో నిరుద్యోగ భృతి ఇచ్చే శాఖ పేరు ఇరికించారు. తెచ్చింది లివర్‌పూల్‌లోని ప్రోబ్ ప్లస్ అనే చిన్న లేబుల్. బీబీసీ రేడియో 1లో రాత్రి పొద్దుపోయాక వచ్చే డీజే జాన్ పీల్ దాన్ని పట్టుకున్నాడు. ఆయన పుట్టిందీ ఆ వైపే, హెస్వాల్‌లో. పాటలు వేసి ఊరుకోలేదు, తన షో కోసం వాళ్లను స్టూడియోకి పిలిచి సెషన్ల మీద సెషన్లు రికార్డ్ చేయించాడు.

బ్యాండ్‌కి మాత్రం ఆత్రం లేదు. 'ది ట్యూబ్' అనే పెద్ద టీవీ షో పిలిస్తే, ఆ రాత్రి తమ ఊరి ఫుట్‌బాల్ టీమ్ ట్రాన్మియర్ రోవర్స్ మ్యాచ్ ఉంది, రామన్నారు. హెలికాప్టర్ పంపుతామన్నా రాలేదు! 1986లో విడిపోయి 1990లో మళ్లీ కలిశారు.

2004లో పీల్ చనిపోయాక కూడా బ్యాండ్ నడిచింది కదా అంటారేమో. అభిమానులను అడగండి, మొదట ఎక్కడ విన్నారో. నేనడిగింది ఆ గోడౌన్ పెద్దాయన ఒక్కణ్నే, "పీల్ షోలో" అన్నాడు. నాకది చాలు.

ఇక మన ఎఫ్‌ఎంలు. మొన్న హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి చేరేలోపు ఒకే పాట మూడుసార్లు, మధ్యలో తన జోక్‌కి తనే నవ్వుకునే ఆర్జే. జనరంజనిలో కోరినవారి పేర్లు చాంతాడంత చదివినా, ఆ తర్వాత ఏ పాట వస్తుందో అని ఎదురుచూసేవాళ్లం. ఇప్పటి యాప్‌లు ఇంకా ఘోరం, మనకు నచ్చిందే మనకు వడ్డిస్తాయి. ఆ డుక్లా ప్రాగ్ పాట నా ఫోన్‌లో వచ్చుంటే పది సెకన్లలో మార్చేసేవాణ్ని. ఆ గోడౌన్‌లో నాకు ఆ వీల్లేదు. మగ్గు ఆయనది.