చర్చి మిత్రులు చెప్పిన ప్లాన్‌లో చేరమంటారా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చింది. మావారు ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెడుతున్నారు. కంపెనీ ఇన్సూరెన్స్ 2025 డిసెంబర్ 31తో ఆగిపోతుంది. ఆయనకు 44, నాకు 39, ఇద్దరు పిల్లలు. ఆయన నాలుగేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు. ఖర్చులు పోగా 2026లో మా ఆదాయం 1,36,000 డాలర్ల దాకా ఉండవచ్చు. ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైటు మార్కెట్‌ప్లేస్‌లో చవకైన బ్రాంజ్ ప్లాన్ నెలకు 1,650, దాని పై మెట్టు సిల్వర్ 2,050 చూపిస్తోంది. మా తెలుగు చర్చిలో కొందరు తాము ఉన్న షేరింగ్ మినిస్ట్రీలో చేరమంటున్నారు. కుటుంబం మొత్తానికి నెలకు 640 చాలట. చేరవచ్చా?

జవాబు: 1,650 పక్కన 640 కనబడితే ఎవరి మనసైనా అటే లాగుతుంది. కానీ మీ ఉత్తరంలో రెండు విషయాల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి షుగర్, రెండోది 1,36,000.

ముందు ఈ మినిస్ట్రీల సంగతి. సభ్యులు నెలనెలా వాటా వేసుకుని ఒకరి వైద్యఖర్చు ఒకరు పంచుకునే క్రైస్తవ సంఘాలివి. వీటిని మోసమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఒహాయోలోని క్రిస్టియన్ హెల్త్‌కేర్ మినిస్ట్రీస్ 1981 నుంచి నడుస్తోంది. ఇల్లినాయ్‌లోని సమారిటన్ మినిస్ట్రీస్‌లో అయితే సభ్యులు తమ నెల వాటాను నేరుగా మరో సభ్యుడి ఇంటికే పంపుతారు. ఆపరేషన్ అయిన మనిషికి ముక్కూమొహం తెలియని కుటుంబం నుంచి డబ్బుతో పాటు ‘మీ కోసం ప్రార్థిస్తున్నాం’ అన్న చీటీ కూడా వస్తుంది. ఏ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచీ అలాంటిది రాదు. మీ చర్చిలోవాళ్లు సంతోషంగా ఉన్నామంటే అది నిజమే అయి ఉంటుంది.

అయితే వాళ్లు ఇచ్చే దరఖాస్తు చివర ఒక ప్రకటన ఉంటుంది. టెక్సాస్ చట్టం ప్రకారం అది ఉండి తీరాలి. ఇది ఇన్సూరెన్స్ కాదనీ, మీ బిల్లుకు సాయం చేయాలా వద్దా అన్నది ఇతర సభ్యుల ఇష్టమనీ, వాళ్లు కట్టినా కట్టకపోయినా బిల్లు బాధ్యత మీదేననీ దాని సారాంశం. సంతకం పెట్టే ముందు భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని దాన్ని గట్టిగా చదవండి.

మన ఊళ్లలో చీటీలు గుర్తు తెచ్చుకోండి. రిజిస్టరు చేసిన చీటీకి 1982 నాటి చట్టం ఉంది, నిర్వాహకుడు ముందే పూచీ కట్టాలి. తెలిసినవాళ్లు కలిసి వేసుకునే చీటీకి నమ్మకమే పూచీ. అది కూడా చాలాసార్లు చివరిదాకా సజావుగానే నడుస్తుంది. నడవని రోజున ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియదు. షేరిటీ అనే మినిస్ట్రీ 2021లో దివాలా తీసినప్పుడు, సభ్యులు నెలనెలా వాటాలు కట్టి కూడా ఆసుపత్రి బిల్లులు నెత్తిన పెట్టుకోవాల్సి వచ్చింది. అదే ఇన్సూరెన్స్ కంపెనీ మునిగితే, రాష్ట్ర హామీ సంఘం ఒక పరిమితి దాకా ఆదుకుంటుంది.

ఇక షుగర్. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ ఏదైనా ముందే ఉన్న జబ్బును సాకుగా చూపి కాదనకూడదు, ప్రీమియం పెంచకూడదు. మినిస్ట్రీలకు ఆ నిబంధన వర్తించదు. ముందే ఉన్న జబ్బుల ఖర్చును కొన్ని అసలే పంచుకోవు, కొన్ని ఏళ్ల తరబడి ఆగమంటాయి. రోజువారీ మాత్రలు సాధారణంగా మీ జేబులోంచే. నాకు మాత్రల ఖర్చు పెద్ద బెంగ కాదు. మీవారికి మూత్రపిండమో గుండెయో ఇబ్బంది పెట్టినప్పుడు ‘ఇది పాత షుగర్ వల్ల వచ్చిందే’ అని మినిస్ట్రీ అంటే మీరు ఏమి చేస్తారన్నదే ప్రశ్న. మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌లో, దాని నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో 2026లో ప్రీమియం కాక కుటుంబం చేతి నుంచి పోయేది ఎంత పెద్ద జబ్బు చేసినా 21,200 డాలర్లకు మించదు. మినిస్ట్రీలో గీత రెండో వైపు ఉంటుంది: కొన్ని పథకాల్లో ఒక్కో జబ్బుకు ఇంతవరకే అని హద్దు పెడతారు, ఆపైన ఉన్నదంతా మీదే.

ఇప్పుడు 1,36,000. మార్కెట్‌ప్లేస్ ప్రీమియం మీద ప్రభుత్వం ఇచ్చే రాయితీలను కోవిడ్ కాలంలో పెంచారు; ఆ పెంపు గడువు 2025 డిసెంబర్ వరకే. 2026లో నలుగురున్న కుటుంబం ఆదాయం 1,28,600 డాలర్లు దాటితే ప్రీమియం రాయితీ సున్నా. మీరు గీతకు 7,400 మాత్రమే అవతల ఉన్నారు. అందుకే మీకు పూర్తి ధర కనిపించింది.

2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెచ్‌ఎస్‌ఏ (వైద్యఖర్చు కోసం పన్ను లేకుండా దాచుకునే) ఖాతా తెరవవచ్చు. కుటుంబానికి పరిమితి 8,750. అది నిండుగా వేయండి. మరో 5,000 సెప్ ఐఆర్ఏలో, అంటే సొంత వ్యాపారుల రిటైర్మెంట్ ఖాతాలో వేయండి. ఈ రెండూ మినహాయిస్తే రాయితీ లెక్కలో ఆదాయం 1,22,250కి దిగుతుంది. ఆ స్థాయిలో ప్రామాణిక సిల్వర్ ప్లాన్‌కు (మీ ప్రాంతంలో రెండో చవకైన సిల్వర్) మీరు ఆదాయంలో 9.96 శాతం, అంటే నెలకు 1,015 దాకా భరించాలి. మీరు రాసిన 2,050 ఆ ప్రామాణిక ప్లాన్ ధరే అయితే మిగతా 1,035 రాయితీ. దాన్ని బ్రాంజ్‌కు వాడుకుంటే నెలకు 615. మీ చర్చిలోవాళ్లు చెప్పిన 640 కంటే తక్కువ! పైగా ఆ 13,750 మీ పేరునే ఉంటుంది.

బ్రాంజ్‌లో డిడక్టిబుల్ (ప్లాన్ కట్టడం మొదలయ్యేలోపు మీరు భరించాల్సింది) వేలల్లో ఉంటుంది, కాబట్టి మీవారి రక్త పరీక్షలకు, మాత్రలకు మొదట్లో హెచ్‌ఎస్‌ఏ నుంచే తీయాల్సి వస్తుంది. ఇంకో జాగ్రత్త: కన్సల్టింగ్ బాగా సాగి ఏడాది చివర ఆదాయం గీత దాటితే తీసుకున్న రాయితీ అంతా వెనక్కి కట్టాలి, 2026 నుంచి ఆ రికవరీకి పరిమితి లేదు. నవంబర్‌లో ఒకసారి లెక్క చూసుకుని, అవసరమైతే సెప్ ఐఆర్ఏలో ఇంకొంత వేయండి. మినిస్ట్రీ వాటాకు హెచ్‌ఎస్‌ఏ అర్హత రాదు, సొంత వ్యాపారులకు ప్రీమియం మీద దొరికే పన్ను తగ్గింపు కూడా ఉండదు.

(హెచ్1బీ మీద ఉన్న పాఠకులకు ఒక మాట: 2027 నుంచి ఈ రాయితీ మీకు వర్తించదు. ఈ లెక్కను అలాగే ఎత్తి రాసుకోకండి.)

‘ముందు మినిస్ట్రీలో చేరి, నచ్చకపోతే మారదాం’ అనుకుంటున్నారేమో. ఉద్యోగపు ఇన్సూరెన్స్ పోతే మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి 60 రోజుల ప్రత్యేక గడువు ఇస్తారు. మినిస్ట్రీ సభ్యత్వం వదిలేస్తే ఆ గడువు రాదు. మార్చిలో మనసు మారితే, ఏటా అందరికీ చేరిక తెరిచే నవంబర్ 1 దాకా ఆగాలి, రక్షణ మొదలయ్యేది ఆ తర్వాతి జనవరిలో.

డిసెంబర్ 31 లోపు ప్లాన్ ఎంచుకుంటే జనవరి 1 నుంచే అమల్లోకి వస్తుంది. కంపెనీ పంపే కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత ఖర్చుతో కొనసాగించుకునే వీలు) కాగితాలు మాత్రం పారేయకండి. నిర్ణయానికి 60 రోజులు ఉంటాయి, ఈ లోపు ఏదైనా జరిగితే వెనకటి తేదీ నుంచే దాన్ని తీసుకోవచ్చు. ఆయన మధుమేహ వైద్యుడు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నారో ఈ వారమే క్లినిక్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. రెండు బ్రాంజ్ ప్లాన్ల మధ్య తేల్చేది అదే.